ఎలుకలపై ఫ్లోరైడ్‌ ప్రయోగం: కళాశాలకు రిజిస్ట్రేషన్‌ లేనప్పుడు అనుమతికి దరఖాస్తు ఎలా చేయాలి?

ప్రశ్న
జంతుశాస్త్ర పరిశోధకురాలు, నల్గొండ

అందరికీ నమస్కారం. నేను నల్గొండలో జంతుశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు ఊళ్లలో ఫ్లోరోసిస్‌ బాధితులను చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి అంశం ఎంచుకోవడానికి ఎక్కువ ఆలోచించాల్సిన అవసరం రాలేదు. తాగే నీటి ద్వారా ఫ్లోరైడ్‌ ఇచ్చిన ఎలుకల్లో చింతపండు గుజ్జు ఎముకల్లో ఫ్లోరైడ్‌ చేరడాన్ని ఎంతవరకు తగ్గిస్తుందో పరిశీలించాలన్నది నా ఉద్దేశం. విస్టార్‌ జాతి మగ ఎలుకలను గుంపుకు ఆరు చొప్పున ఐదు గుంపులుగా చేసి, ఫ్లోరైడ్‌, గుజ్జు ఒకేసారి మొదలుపెట్టి 60 రోజులు పెంచి, చివర రక్తం, తొడ ఎముక, మూత్రపిండాలు సేకరించాలనుకుంటున్నాను.

మా కళాశాలలో పాత జంతుశాల గది ఒకటి ఉంది కానీ దానికి ఎలాంటి రిజిస్ట్రేషన్‌ లేదు. అనుమతికి నా పేరు మీద నేనే దరఖాస్తు చేసుకోవచ్చా? లేక హైదరాబాద్‌లోని ఏదైనా ఫార్మసీ కళాశాలలో ప్రయోగం చేస్తే సరిపోతుందా? అలా చేస్తే అనుమతి ఏ సంస్థ జంతు నైతికతా సంఘం నుంచి తీసుకోవాలి? ప్రయోగానికి అనుమతి కోరే దరఖాస్తు అయిన ఫారం-బి నింపేటప్పుడు ఎక్కువగా ఎక్కడ అభ్యంతరాలు వస్తాయో అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

సమాధానం 1
ఫార్మకాలజీ అధ్యాపకుడు, హైదరాబాద్‌ (స్వస్థలం దేవరకొండ)

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు సమాధానం కాదనే. మన దేశంలో రిజిస్ట్రేషన్‌ వ్యక్తికి కాక సంస్థకు ఇస్తారు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 15వ సెక్షన్‌ కింద, జంతు ప్రయోగాలను పర్యవేక్షించడానికి ఏర్పడిన కేంద్ర కమిటీని చాలాకాలం సీపీసీఎస్‌ఈఏ అని పిలిచేవారు, ఇప్పుడు సీసీఎస్‌ఈఏ అంటున్నారు. పాత వ్యాసాల్లో ఒక పేరు, కొత్త ఉత్తర్వుల్లో మరో పేరు కనిపించినా రెండూ ఒకటే కమిటీ, ప్రస్తుతం అది కేంద్ర పశుసంవర్ధక, పాడి పరిశ్రమ విభాగం కింద పనిచేస్తున్నది. 1998లో వచ్చిన నియమాల ప్రకారం జంతువులను పెంచాలన్నా, వాటిపై ప్రయోగాలు చేయాలన్నా సంస్థ ముందుగా ఫారం-ఎ ద్వారా ఈ కమిటీ వద్ద నమోదు కావాలి. ఆ తర్వాతే ఒక్కో ప్రయోగానికి ఫారం-బి వస్తుంది.

మీ కళాశాల ఫారం-ఎ వేయవచ్చు, అందులో తప్పేమీ లేదు. కానీ ఒక్క పీహెచ్‌డీ కోసం ఆ దారి పట్టమని నేను సలహా ఇవ్వను. జంతుశాల నిర్మాణపటం, క్వారంటైన్‌ గది, పశువైద్యుడు, సంరక్షకులు, రికార్డులు అన్నీ సిద్ధం చేసి, తనిఖీకి వచ్చినవారికి చూపించి, ఆ తర్వాత నైతికతా సంఘాన్ని ఏర్పాటు చేసుకోవాలి. యాజమాన్యానికి జంతుశాలను ఏళ్ల తరబడి నడిపే ఆలోచన ఉంటే తప్ప అంత శ్రమకు అర్థం లేదు.

కాబట్టి రిజిస్ట్రేషన్‌ ఉన్న సంస్థలో ప్రయోగం చేయడమే మేలు. అప్పుడు ఎలుకలు ఏ గోడల మధ్య ఉంటాయో, ఆ సంస్థ ఐఏఈసీయే, అంటే ఆ సంస్థలోని జంతు నైతికతా సంఘమే, మీ ఫారం-బిని ఆమోదించాలి. మీ విశ్వవిద్యాలయ పరిశోధక మండలి అంశాన్ని ఆమోదించినంత మాత్రాన అది జంతు ప్రయోగానికి అనుమతి అయిపోదు. ఆ సంస్థ అధ్యాపకులొకరిని సహ పర్యవేక్షకులుగా పెట్టుకుని, రెండు సంస్థల మధ్య లిఖితపూర్వక ఒప్పందం చేసుకుంటే తర్వాత సిద్ధాంత గ్రంథం సమర్పించే దశలో చిక్కులు రావు. సంస్థను ఎంచుకునే ముందు వారి రిజిస్ట్రేషన్‌ సంఖ్యను అడిగి, గడువు ఉందో లేదో చూసుకోండి. మధ్యలో గడువు తీరి, పునరుద్ధరణ వచ్చేదాకా ఆగిపోయే పనులు నిజంగానే ఉంటాయి.

ఢిల్లీ దాకా వెళ్లాల్సిన అవసరం మీకు రాదు. ఎలుకలు, చిట్టెలుకలు, కుందేళ్లు, గినీ పందుల వంటి చిన్న జంతువుల విషయంలో ఐఏఈసీయే నిర్ణయం తీసుకుంటుంది. కుక్కలు, కోతులు, పశువుల వంటి పెద్ద జంతువులైతేనే ఐఏఈసీ సిఫారసుతో దరఖాస్తు కేంద్ర కమిటీకి పోతుంది. ఐఏఈసీలో సంస్థకు చెందిన ఐదుగురితోపాటు బయటి శాస్త్రవేత్త, శాస్త్రరంగానికి చెందని సామాజిక అవగాహన గల సభ్యులు, కేంద్ర కమిటీ నామినీ ఉంటారు. నామినీ లేకుండా జరిగిన సమావేశానికి విలువ లేదు. అందుకే సమావేశాలు నెలనెలా జరుగుతాయని అనుకోవద్దు, తేదీ ముందుగానే కనుక్కుని దానికి తగ్గట్టు పని ప్రణాళిక వేసుకోండి.

సమాధానం 2
పశువైద్యుడు, మహబూబ్‌నగర్‌

పైన సార్‌ చెప్పినదంతా సరైనదే. నేను ఒక ఐఏఈసీలో పశువైద్య సభ్యుడిగా ఉన్నాను కాబట్టి ఫారం-బి గురించి మాత్రమే రాస్తాను.

మేము మొదట చూసేది ఎలుకల సంఖ్య. “గుంపుకు ఆరు” అని దాదాపు ప్రతి దరఖాస్తులోనూ ఉంటుంది, ఎందుకు ఆరు అని అడిగితే పాత సిద్ధాంత గ్రంథాల్లో అలాగే ఉంది కాబట్టి అంటారు. సులభంగా వేసుకోగల లెక్క ఒకటి ఉంది: మొత్తం జంతువుల సంఖ్య నుంచి గుంపుల సంఖ్యను తీసివేస్తే వచ్చేది 10కి, 20కి మధ్య ఉండాలి. మీరు 30 ఎలుకలు, ఐదు గుంపులు అంటున్నారు, అంటే 25 వస్తుంది. గుంపుకు ఐదు చొప్పున 25 ఎలుకలు తీసుకుంటే సరిగ్గా 20 వస్తుంది. ఐదు ఎలుకలు తగ్గడం చిన్న విషయంగా అనిపించవచ్చు కానీ సంఘం వెతికేది ఆ ఐదింటినే.

రెండోది మీ అంశానికే, మన ప్రాంతానికే సంబంధించినది. కంట్రోల్‌ గుంపుకు, అంటే పోలిక కోసం ఫ్లోరైడ్‌ ఇవ్వకుండా ఉంచే గుంపుకు, ఏ నీరు ఇస్తారో దరఖాస్తులో స్పష్టంగా రాయండి. తాగునీటిలో ఫ్లోరైడ్‌ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది అందరికీ తెలిసిన పరిమితే. మన జిల్లాల్లో బోరు నీటిని పరీక్షించకుండా కంట్రోల్‌ గుంపుకు పోస్తే అది ఇక కంట్రోల్‌ గుంపు కాదు. డీఅయనైజ్డ్‌ నీరు (లవణాలు తొలగించిన నీరు) వాడి, దాని ఫ్లోరైడ్‌ విలువను నమోదు చేయండి. మేతను కూడా పరీక్షించాలి, ఎందుకంటే గుళికల మేతలో కలిపే ఖనిజ మిశ్రమాల ద్వారానూ ఫ్లోరైడ్‌ వస్తుంది. ఈ జాగ్రత్త లేకపోతే ప్రయోగం అయిపోయాక ఫలితం దేనికీ పనికిరాదు, ఎలుకల ప్రాణాలు ఊరికే పోయినట్టవుతుంది. నేను దీన్ని శాస్త్రీయ లోపంగా కన్నా నైతిక లోపంగానే చూస్తాను.

మూడోది, బాధను ఎక్కడ ఆపుతారన్నది. ఎలుక ముందు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఎక్కువ ఫ్లోరైడ్‌ తాగిన ఎలుకల్లో ఆ పళ్లు తెల్లటి చారలతో పెళుసుబారి విరుగుతాయి, అప్పుడు గట్టి గుళికలను కొరకలేక జంతువు చిక్కిపోతుంది. వారానికోసారి పళ్లు చూస్తామని, అవసరమైతే మేతను నానబెట్టి మెత్తగా ఇస్తామని, బరువు 20 శాతం తగ్గిన జంతువును ప్రయోగం నుంచి తప్పించి నొప్పి తెలియకుండా చంపుతామని రాయండి. ఇవేవీ లేకుండా “జంతువులకు ఎలాంటి బాధ ఉండదు” అని ఒక్క వాక్యంతో సరిపెట్టిన దరఖాస్తును నేనైతే తిప్పి పంపుతాను.

రక్తం సంగతీ అంతే. 200 గ్రాముల ఎలుకలో మొత్తం రక్తమే సుమారు 13 మిల్లీలీటర్లు ఉంటుంది. ప్రాణంతో ఉంచాల్సిన జంతువు నుంచి అందులో పదో వంతుకు మించి తీయకూడదు, అంటే 1.3 మిల్లీలీటర్లు. ప్రయోగం మధ్యలో రక్తం తీసే ఉద్దేశం ఉంటే ఎంత తీస్తారో, ఏ మత్తు ఇస్తారో రాయాలి. చివరలో చంపే పద్ధతి కూడా మార్గదర్శకాలు అంగీకరించినదై ఉండాలి, ఈథర్‌ సీసా మాట ఎత్తకండి.

పంజరం కొలత, గది ఉష్ణోగ్రత వంటివి ఆ సంస్థవాళ్లే చూసుకుంటారు. అయినా మే నెలలో పని పెట్టుకునేటట్లయితే గది 18 నుంచి 29 డిగ్రీల మధ్య నిలుస్తుందో లేదో, కరెంటు పోతే జనరేటర్‌ ఉందో లేదో మీరే స్వయంగా చూసి రండి. పంజరాల్లో పరిచే ఊక మిర్యాలగూడ మిల్లుల నుంచి ఎంతైనా దొరుకుతుంది కానీ దుమ్ము దులిపి, ఆటోక్లేవ్‌ చేసిన (పీడనంతో కూడిన ఆవిరిలో క్రిములు చంపిన) తర్వాతే వాడాలి.

ప్రశ్న అడిగినవారు

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంకొక సందేహం. ఐఏఈసీ సమావేశానికి ఇంకా వ్యవధి ఉంది కాబట్టి, ఈలోగా పెంపుడు జంతువుల దుకాణంలో కొన్ని తెల్ల ఎలుకలు కొని మా పాత గదిలోనే మోతాదు నిర్ణయానికి చిన్న ప్రాథమిక ప్రయోగం చేసుకోవచ్చని, దాన్ని సిద్ధాంత గ్రంథంలో చూపనవసరం లేదని తెలిసినవారు ఒకరు సలహా ఇచ్చారు. ఇది సరైనదేనా?

సమాధానం 3
జీవరసాయన శాస్త్ర అధ్యాపకురాలు, నాగర్‌కర్నూల్‌

దయచేసి ఆ పని చేయకండి. ప్రాథమిక ప్రయోగం కూడా ప్రయోగమే, దానికీ అనుమతి కావాలి. జంతువులను రిజిస్ట్రేషన్‌ ఉన్న పెంపకందారుల నుంచే తీసుకోవాలి. దుకాణంలో కొన్న ఎలుక వయసు, జాతి, రోగ చరిత్ర ఏవీ తెలియవు కాబట్టి దాని మీద తేలిన మోతాదు మీకు ఎలాగూ ఉపయోగపడదు. పని ముగిశాక వెనుక తేదీతో అనుమతి ఇచ్చే అధికారం ఏ ఐఏఈసీకీ లేదు. చట్టంలో 20వ సెక్షన్‌ కింద జరిమానా రెండు వందల రూపాయల వరకే ఉందని కొందరు తేలికగా తీసుకుంటారు. కానీ పరిశోధన పత్రిక అనుమతి సంఖ్యను, తేదీని అడిగినప్పుడు పోయేది ఆ రెండు వందలు కాదు.

నేను అసలు ప్రస్తావించాలనుకున్నది వేరు. చింతపండు తిన్న బడి పిల్లల్లో మూత్రం ద్వారా ఫ్లోరైడ్‌ ఎక్కువగా బయటకు పోయిందని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 2002లోనే ప్రచురించారు. మనుషుల్లోనే తేలిన విషయాన్ని మళ్లీ ఎలుకల్లో ఎందుకు చూడాలన్న ప్రశ్న మీకు తప్పక ఎదురవుతుంది. ఎముకలో నిల్వ ఉన్న ఫ్లోరైడ్‌ను మనుషుల్లో కోసి కొలవలేము కాబట్టి, అప్పటికే పేరుకున్నది తగ్గుతుందా లేక కొత్తగా చేరడమే ఆగుతుందా అన్నది తేల్చడానికి జంతువు అవసరమని మీరు వాదించవచ్చు. కానీ మీరు రాసిన ప్రణాళికలో ఫ్లోరైడ్‌, చింతపండు రెండూ ఒకేసారి మొదలవుతున్నాయి, దానితో ఆ తేడా తేలదు. కొన్ని గుంపులకు ముందు ఫ్లోరైడ్‌ ఇచ్చి, ఆపి, ఆ తర్వాత గుజ్జు ఇవ్వాలి. ప్రణాళిక మారితే గుంపుల సంఖ్య మారుతుంది, దానితోపాటు ఎలుకల సంఖ్య కూడా.

సంఖ్య విషయంలో డాక్టర్‌ గారితో కొద్దిగా విభేదిస్తున్నాను. తీసివేత లెక్క ముందస్తు సమాచారం ఏమీ లేనప్పుడు వాడేది. తొడ ఎముకలో ఫ్లోరైడ్‌ విలువలు, వాటి వ్యత్యాసం ప్రచురిత వ్యాసాల్లో దొరుకుతున్నాయి కనుక వాటితో పవర్‌ లెక్క, అంటే తేడాను నమ్మకంగా గుర్తించడానికి ఎన్ని జంతువులు కావాలో తేల్చే గణాంక లెక్క, వేయించండి. గుంపుకు ఎనిమిది అవసరమని తేలితే ఎనిమిదే అడగండి, చాలని సంఖ్యతో చేసి మళ్లీ చేయాల్సిరావడం కన్నా అదే నయం.

సమాధానం 4
పశువైద్యుడు, మహబూబ్‌నగర్‌

మేడమ్‌ చెప్పిన పవర్‌ లెక్క ఉంటే సంఘానికి అంతకన్నా కావలసిందేముంది. గణాంక శాస్త్రం తెలిసినవారి చేత వేయించి ఫారం-బితో జత చేయండి. మోతాదు కోసం ప్రాథమిక ప్రయోగం తప్పనిసరి అనుకుంటే దాన్ని అదే దరఖాస్తులో మొదటి దశగా చూపండి, ఆ కొద్ది ఎలుకలనూ మొత్తం సంఖ్యలో కలపండి. ఆమోదం వచ్చాక ప్రణాళికలో ఏది మార్చినా, అది ఒక రోజు వ్యవధి అయినా సరే, మళ్లీ సంఘం ముందుకు రావాలి.

ఎలుకలు రాగానే వాటిని కనీసం ఒక వారం క్వారంటైన్‌లో ఉంచుతారు, ఆ వారాన్ని మీ 60 రోజుల్లో కలపకండి. వచ్చినవి ఎన్ని, వాడినవి ఎన్ని, చనిపోయినవి ఎన్ని అన్నది ఏ రోజుకు ఆ రోజు రిజిస్టరులో రాయించండి. తనిఖీకి వచ్చినవారు ముందుగా అడిగేది ఆ పుస్తకాన్నే.