అప్‌డేట్: ఇంటి ఫైల్ సర్వర్ ఇప్పుడు విండోస్ నెట్‌వర్క్‌లో కనిపిస్తోంది

పోయిన నెల నేను అడిగిన సమస్య తీరింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

పాత డెస్క్‌టాప్‌లో డెబియన్ (ఒక రకం లినక్స్) వేసి, విండోస్ కంప్యూటర్లతో ఫోల్డర్లు పంచుకునే సాంబా ప్రోగ్రామ్ పెట్టుకున్నాను. ఐపీ అడ్రస్ కొడితే ఫోల్డర్లు తెరుచుకునేవి. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో నెట్‌వర్క్ తెరిస్తే మాత్రం సర్వర్ పేరు ఉండేది కాదు. అమ్మ ఫొటోలు చూడాలన్న ప్రతిసారీ నాకు ఫోన్ చేసి ఆ అంకెలు అడిగేది.

సర్వర్‌లో డబ్ల్యూఎస్‌డీడీ (సర్వర్‌ను విండోస్‌కు కనిపించేలా చేసే చిన్న ప్రోగ్రామ్) వేయమని మీరిచ్చిన సలహా సరైనదే. ఇప్పటి విండోస్ నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లను డబ్ల్యూఎస్-డిస్కవరీ అనే పద్ధతితో వెతుకుతుంది, ఆ పని సాంబా తనంతట తాను చేయదు. కానీ అది వేశాక కూడా పేరు రాలేదు. దాని కోసం సర్వర్ ఫైర్‌వాల్‌లో యూడీపీ 3702 పోర్ట్ (డేటా వచ్చే దారి) ఒక్కటే తెరిచాను. సర్వర్‌లో టీసీపీడంప్ (నెట్‌వర్క్‌లో వచ్చిపోయే డేటాను చూపించే టూల్) పెట్టి చూస్తే విషయం అర్థమైంది: 3702 మీద పలకరింపు, జవాబు రెండూ బాగానే ఉన్నాయి. ఆ వెంటనే ల్యాప్‌టాప్ సర్వర్ వివరాల కోసం టీసీపీ 5357 తలుపు తడుతోంది. మళ్లీ మళ్లీ అదే లైన్, జవాబు లేదు. ఇంటి నెట్‌వర్క్ వరకే 5357 కూడా తెరిచి, ఎఫ్5 నొక్కగానే పేరు వచ్చేసింది!

వర్క్‌గ్రూప్ పేరు మార్చడం, రౌటర్ రీసెట్ చేయడం వల్ల ఏమీ తేడా రాలేదు. ఎస్ఎంబీ1 (విండోస్ ఫైల్ షేరింగ్ పద్ధతి మొదటి వెర్షన్) ఆన్ చేయమని కొందరన్నారు, దయచేసి ఆ పని చేయకండి. అది పాతది, భద్రత లేనిది, దీనికి అవసరమూ లేదు.

అమ్మ నిన్న తనే ఫొటోలు తెరుచుకుంది.