నాలుగు రకాల తూటాలకు ఒకే మందు: కుదురుతుందా, కుదరదా?

కావలి–డాలస్:
అందరికీ నమస్కారం. మాది కావలి. ఉద్యోగరీత్యా టెక్సాస్‌లో ఉంటూ ఇక్కడి షూటింగు క్లబ్బులో సభ్యుడిగా ఉన్నాను. కాల్చిన తూటా డొల్లను పారేయకుండా కొత్త ప్రైమరు (మందును అంటించే చిన్న మూత), మందు, గుండు అమర్చి మళ్ళీ వాడుకోవడం ఇక్కడ చట్టానికి లోబడిన పనే. నా దగ్గర 9 ఎం.ఎం. పిస్తోలు, .45 ఏ.సి.పి. పిస్తోలు, .357 మాగ్నమ్ రివాల్వరు ఉన్నాయి. ఆ రివాల్వరులోనే .38 స్పెషల్ తూటాలను కూడా కాలుస్తాను. 2020 తరువాత మందు, ప్రైమర్లు దుకాణాల్లో దొరకక ఇబ్బంది పడ్డాను కనుక, దొరికినప్పుడే ఒక్క రకం మందును కొని నాలుగింటికీ వాడుకోవాలనుకుంటున్నాను. ఈ ఆలోచన సరైనదేనా?

చీమకుర్తి బ్లాస్టరు:
సరైనది కాదు. మీరు చెప్పిన తూటాల గరిష్ఠ పీడనాలను ఒకసారి చూడండి. 9 ఎం.ఎం.కు చదరపు అంగుళానికి 35,000 పౌండ్లు, .45కు 21,000, .38 స్పెషల్‌కు 17,000. ఒకటి మరొకదానికి రెట్టింపు ఉన్నప్పుడు మందు మాత్రం ఒకటే ఎలా అవుతుంది? గ్యాలక్సీ గ్రానైటు క్వారీల్లో నాకు చాలా ఏళ్ళ అనుభవం ఉంది. పైనున్న పనికిరాని రాతిని పగలగొట్టే మందునే దిమ్మెను విడదీసే చోట కూడా పెడితే, దిమ్మె లోపల పగుళ్ళు పట్టి కంకరకు తప్ప దేనికీ పనికిరాదు. పనికి తగిన మందు అనేది మా వృత్తిలో మొదటి పాఠం.

పెన్నా తీరం:
బ్లాస్టరు గారి వృత్తి మీద నాకు గౌరవం ఉంది కానీ, రాతిని పేల్చే మందుకూ తూటాలో మండే మందుకూ పోలిక పొసగదు. మొదటిది పేలాలి, రెండవది గొట్టంలో గుండును నెడుతూ క్రమంగా మండాలి. పీడనాన్ని నిర్ణయించేది మందు పేరు ఒక్కటే కాదు, ఎంత పోశాము, గుండు బరువెంత, డొల్లలో ఎంత లోతుకు దిగింది అనేవి కూడా. అందుకే తయారీదారులు ఒకే మందుకు ఒక్కో తూటాకు ఎంత పోయాలో చెప్పే పట్టిక ముద్రిస్తారు. హెచ్‌.పి.-38 అనే మందుకు ఈ నాలుగింటికీ పట్టికలు ఉన్నాయి. వించెస్టరు 231 పేరుతో అమ్మేది కూడా అదే మందు కనుక ఒకటి దొరకకపోతే రెండవది తీసుకోవచ్చు. కొరత రోజుల్లో ఇది చిన్న సౌకర్యం కాదు. ఒక పౌండు మందు అంటే 7,000 గ్రెయిన్లు, గ్రెయిను అంటే దాదాపు సగం గురివింద గింజ ఎత్తు. తూటాకు నాలుగైదు గ్రెయిన్లే పడతాయి కాబట్టి ఒక్క డబ్బా చాలాకాలం వస్తుంది.

వేదాయపాలెం:
ఇది చదివి మన ఊళ్ళో ఎవరూ ఉత్సాహపడకండి. 1959 ఆయుధ చట్టం ప్రకారం ఇక్కడ లైసెన్సు లేకుండా తూటా తయారు చేయడం నేరం.

ఉదయగిరి కోట:
తయారీ దాకా ఎందుకు? నా .32 రివాల్వరు లైసెన్సును పునరుద్ధరించుకోవడానికి ఒక కార్యాలయం చుట్టూ తిరిగి తిరిగి చెప్పులు అరిగాయి. మీరు నాలుగు రకాల తూటాల గురించి తీరికగా చర్చించుకుంటున్నారు, సంతోషం.

చీమకుర్తి బ్లాస్టరు:
పట్టికల సంగతి సరే, .38 స్పెషల్ డొల్లలో మిగిలే ఖాళీ సంగతి చెప్పండి. అది 1898 నాటిది, పాతకాలపు నల్లటి తుపాకి మందు పట్టేలా పొడవుగా చేసినది. నేటి మందు అందులో అడుగున కొద్దిగా కూర్చుంటుంది. పొరపాటున రెండుసార్లు పడినా డొల్ల పొంగిపొర్లదు, కాల్చేదాకా ఎవరికీ తెలియదు. దీనికి సమాధానం కావాలి.

పెన్నా తీరం:
ఆ ఖాళీ ఉన్న మాట వాస్తవమే. అందుకే నేను టైట్‌గ్రూపు అనే మందును సిఫారసు చేయలేదు. అది డొల్లలో ఎటు ఒరిగినా ఒకేలా మండుతుందని పేరున్నా, చాలా తక్కువ పరిమాణం పడుతుంది కనుక రెట్టింపు పడితే గుర్తించడం మరీ కష్టం. ఖాళీయే మీ భయమైతే యూనిక్ అనే మందు ఉంది. అది ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పొరపాటు కంటికి త్వరగా దొరుకుతుంది. అయితే దాని పలుకులు రేకుల్లా ఉండడం వల్ల కొలత పరికరంలోంచి సమంగా జారవు. హెచ్‌.పి.-38 నునుపుగా జారుతుంది. ఏది వాడినా, గుండు పెట్టే ముందు ప్రతి డొల్లలోకీ దీపం వేసి చూడక తప్పదు.

చీమకుర్తి బ్లాస్టరు:
అంటే ఖాళీ ఉందని ఒప్పుకున్నారు. నేను అడిగింది అదే.

పెన్నా తీరం:
అయ్యా, ఖాళీ లేదని ఎవరన్నారు? నాలుగు మందులు కొన్నా .38 డొల్ల పొడవు తగ్గదు. అడిగిన ప్రశ్న ఒకటి, మీరు పట్టుకు వేలాడుతున్నది మరొకటి. క్వారీలో పనిచేసినంత మాత్రాన ప్రతి మందూ మీకు తెలిసినట్టేనా?

చీమకుర్తి బ్లాస్టరు:
మాట మీరింది కనుక నేనూ చెబుతాను. ఒక యజమాని ఖర్చు తగ్గుతుందని అన్ని పనులకూ ఒకే సరుకు తెప్పించాడు. వద్దని చెప్పిన వాణ్ణి నేను. దిమ్మె పగిలితే కోత పడింది నా జీతానికే. ఒకే సరుకు ఉంటే మనిషి అది ఏమిటని చూసుకోవడం మానేస్తాడు. నాలుగు డబ్బాలు ఉన్నవాడు తీసిన ప్రతిసారీ పేరు చదువుతాడు, పట్టికతో సరిపోల్చుకుంటాడు. నాకు కావలసింది ఆ చదివే మనిషి. ఆ అలవాటు పోయాక మీ హెచ్‌.పి. అయినా మరొకటైనా ఒకటే.

పెన్నా తీరం:
ఇప్పటికి అసలు విషయానికి వచ్చారు. మీరు ఆ చదివే మనిషిని నమ్ముతున్నారు, నేను నమ్మను. కళాశాల రసాయన ప్రయోగశాలను చూసుకున్నవాణ్ణి. లేబుళ్ళు చక్కగా చదవగల పిల్లలే ఒక సీసాకు బదులు మరొకటి ఎత్తేవారు, సంజాయిషీ మాత్రం నేను రాసుకోవలసి వచ్చేది. ఆదివారం పూట బల్ల ముందు కూర్చున్నవాణ్ణి ఇంట్లో ఎవరో పిలుస్తారు, తిరిగి వచ్చాక చెయ్యి అలవాటుగా ఏ డబ్బా మీద పడితే ఆ డబ్బా తీస్తుంది. రెండో డబ్బా అక్కడ లేకపోతే తీయడానికే ఏమీ ఉండదు. నెమ్మదిగా మండవలసిన మందు కొలతకు పొరపాటున టైట్‌గ్రూపు లాంటి వేగమైన మందు పడితే రివాల్వరు చేతిలోనే బద్దలు కావచ్చు.

ఉదయగిరి కోట:
ఇద్దరూ భద్రత కోసమే పోట్లాడుకుంటున్నట్టున్నారు.

కావలి–డాలస్:
ఇద్దరికీ ధన్యవాదాలు. 9 ఎం.ఎం., .38, .45లకు హెచ్‌.పి.-38 తీసుకుంటాను. .357ను కూడా దానితోనే, పట్టికలో ఉన్న మేరకు నింపుకుంటాను. మాగ్నమ్ పూర్తి వేగం కావాలంటే హెచ్‌-110 లాంటి నిదానమైన మందు కావాలని, దాన్ని తయారీదారు చెప్పిన కొలత కంటే బాగా తగ్గించి పోయడం కూడా ప్రమాదమేనని క్లబ్బులో పెద్దలు హెచ్చరించారు. ఆ వేగం నాకు అవసరం లేదు. మందు అసలు డబ్బాలోనే ఉంటుంది, నింపే సమయంలో బల్ల మీద మరొకటి ఉండదు.

చీమకుర్తి బ్లాస్టరు:
తమ్ముడూ, ఒక్క డబ్బాతోనే చేసుకో, కాదనను. కానీ .38 నుంచి 9 ఎం.ఎం.కు మారిన ప్రతిసారీ కొలత పరికరాన్ని మార్చి, తక్కెడలో తూచి కాగితం మీద రాసుకుంటావా? ఆ మాట ఇంతవరకు ఇక్కడ ఎవరూ ఎత్తలేదు.

పెన్నా తీరం:
పట్టికలు అన్నది దేనికని?