తొలి డ్రోన్: విడిభాగాలతో కట్టుకోవాలా, కట్టి ఉన్నది కొనుక్కోవాలా?

కోవూరు_విద్యార్థి:
నమస్కారం. నేను డిప్లొమా రెండో సంవత్సరం చదువుతున్నాను. ఐదు అంగుళాల రెక్కల డ్రోన్‌ను విడిభాగాలు తెప్పించి స్వయంగా కట్టుకోవాలా, లేక కట్టి ఉన్న చిన్నదాన్ని కొని ముందు ఎగరేయడం నేర్చుకోవాలా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. రొయ్యల పట్టుబడి అయ్యాక నాన్న పదిహేను వేలు ఇస్తానన్నారు. సోల్డరింగ్ ఇంతవరకు చేయలేదు.

ఒంగోలు_మెకానిక్:
స్వయంగానే కట్టు తమ్ముడూ. నేను మొదట కొన్నది కట్టి ఉన్న డ్రోనే. మూడో వారం కొత్తపట్నం ఇసుకలో పడి ఒక చెయ్యి విరిగితే, దానికి సరిపోయే ముక్క అమ్మిన దుకాణంలోనే దొరకలేదు. అది ఇప్పటికీ అటక మీదే ఉంది. నువ్వు కట్టినదైతే ఏది పోతే అదొక్కటే మార్చుకుంటావు. మోటారు తిరగవలసిన దిక్కుకు ఎదురుగా తిరుగుతుంటే దాని మూడు తీగల్లో ఏ రెండింటినైనా తారుమారు చేస్తే చాలునన్న సంగతి, చేత్తో కట్టినవాడికే ఒంటబడుతుంది.

నెల్లూరు_గగనం:
మెకానిక్ గారూ, ఈ సలహాతో నేను ఏకీభవించలేను. డ్రోన్లకు వాడే నాలుగు సెల్లుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ నిండా ఛార్జయితే 16.8 వోల్టులు ఉంటుంది. నేను మొదటిసారి కట్టినప్పుడు ఎర్ర తీగను నల్ల తీగ చోట అతికించి బ్యాటరీ తగిలించాను. చిటుక్కుమన్నది, బోర్డు మూలనుంచి సన్నటి పొగ లేచింది, ఆరు వేల రూపాయలు ఆ క్షణంలోనే పోయాయి. అమ్మినవారు తిరిగి తీసుకోలేదు. 250 గ్రాముల లోపుది కొనుక్కుని, అంతకుముందు రిమోట్‌ను కంప్యూటరుకు తగిలించి సిమ్యులేటర్‌లో, అంటే తెర మీద ఉత్తుత్తి డ్రోన్ ఎగరేసే ప్రోగ్రాములో, నెల రోజులు సాధన చేయమని నా మాట.

ఇందుకూరుపేట_రైతు:
ఏదైనా సరే, రొయ్యల గుంటల మీద ఎగరేయకు నాయనా.

ఒంగోలు_మెకానిక్:
గగనం గారూ, మధ్యలో ఒక బల్బు పెట్టి ఉంటే మీ బోర్డు బతికేది. బ్యాటరీకీ డ్రోనుకూ మధ్య వరుసలో బల్బు ఉంటే, అంతా సవ్యంగా ఉన్నప్పుడు అది ఒక్కసారి మెరిసి ఆరిపోతుంది. ఎక్కడైనా షార్టు ఉంటే వెలుగుతూనే ఉండి కరెంటును అదుపులో పెడుతుంది.

నెల్లూరు_గగనం:
ఆ బల్బు గురించి ఆ రోజు నాకు చెప్పే మనిషి మా వీధిలో లేడు.

చీమకుర్తి_వాసి:
2021 డ్రోన్ నియమాల ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే ముందస్తు అనుమతి అక్కర్లేని చోట, 400 అడుగుల వరకే ఎగరేయాలి. మీకు దక్షిణాన రాకెట్లు ప్రయోగించే శ్రీహరికోట ఉంది, ముందు ఎక్కడ ఎగరేయవచ్చో చూపే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడండి.

ఒంగోలు_మెకానిక్:
తీగల రంగు చూసుకోకపోవడం మీ పొరపాటు. దానికి కట్టడమే తప్పంటే ఎలా? బల్బు పెట్టమనే చెబుతున్నాను.

నెల్లూరు_గగనం:
ఇక్కడికి మూడుసార్లు బల్బే చెప్పారు! నేను బల్బు గురించి మాట్లాడటం లేదు. రిమోట్, ఛార్జర్, బ్యాటరీ కొన్నాక ఆ పదిహేను వేలలో మోటార్లకూ బోర్డులకూ మిగిలేదెంత? మీకు ఒకటి కాలితే ఇంకొకటి తెప్పించుకుంటారు. ఆ పిల్లవాడికి ఇది ఒక్క పట్టుబడి డబ్బు. నాది కాలిన రోజున మా నాన్న ఒక్క మాటా అనలేదు, కానీ మళ్ళీ డబ్బు అడగడానికి నాకు రెండేళ్ళు నోరు రాలేదు.

ఒంగోలు_మెకానిక్:
మా ఇంట్లోనూ డబ్బు లేదు గగనం గారూ. చిన్నప్పుడు రేడియో విప్పితే దెబ్బలు తిన్నాను. అందుకే, విప్పి చూసుకోవడానికి వీల్లేని వస్తువును ఒక కుర్రవాడి చేతికివ్వమంటే నాకు మనసొప్పదు. మీకు అది ఎగరడం ముఖ్యం. నాకు లోపల ఏముందో వాడికి తెలియడం ముఖ్యం. మనం ఇంతసేపూ వేరువేరు సంగతులు వాదించుకుంటున్నాం.

నెల్లూరు_గగనం:
అలాగైతే తెలుసుకోవడం కాలినా పరవాలేని వస్తువుతో మొదలుపెట్టించండి.

కోవూరు_విద్యార్థి:
ఇద్దరికీ కృతజ్ఞతలు. డ్రోను భాగాలు ఇంకా ఏమీ కొనలేదు. సోల్డరింగ్ ఐరన్ ఒక్కటే తెచ్చుకుని పాత ఛార్జర్ బోర్డు మీద పన్నెండు అతుకులు వేశాను. లాగి చూస్తే ఐదు ఊడి వచ్చాయి.

ఒంగోలు_మెకానిక్:
బోర్డు మీది రాగి వేడెక్కకుండా లెడ్డు (అతికించే సోల్డర్ తీగ) మాత్రమే కరిగితే అతుకు పైన గింజలా నిలుస్తుందే కానీ పట్టుకోదు. తీగ కొసకు ముందే లెడ్డు పట్టించావా? ఊడిన చోట్లు దగ్గరగా ఫొటో తీసి పెట్టు.

నెల్లూరు_గగనం:
ఆ బల్బు ఏదో కూడా చెప్పండి.

ఒంగోలు_మెకానిక్:
బైకు బ్రేకు లైటు బల్బు, 12 వోల్టులు, 21 వాట్లు. తగిలించేటప్పుడు రెక్కలు మాత్రం విప్పి పక్కన పెట్టు తమ్ముడూ.