తక్‌పట్టీలో వరస తారుమారు: హ్యాష్‌మ్యాప్ తీసి ఏం పెట్టాల?

ఉల్లి_కోడర్:
మా మామది కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల కమీషన్ అంగడి. లాట్లు ఎక్కించుకుని, తక్‌పట్టీలు (రైతుకిచ్చే అమ్మకం లెక్క చీటీలు) తీసేకి జావాలో చిన్న ప్రోగ్రాం రాసిస్తాండా. రైతు పేరు కీ (వెతికేకి గుర్తు). సంచులు, తూకం, ధర వాల్యూ (ఆ కీకింద దాచే సమాచారం). హ్యాష్‌మ్యాప్‌లో పెట్టినా. పొద్దున్నే దిగిన కోడుమూరాయన ప్రింటులో అడుగున వస్తాడు. వేలం వరస తప్పితే రైతులు ఊరుకోరంటాడు మామ. ట్రీమ్యాప్ వాడాల్నా? లాట్ నంబర్లు కీగా పెడితే మాత్రం వరసగానే వస్తాండాయి, అదెట్లా?

తుంగభద్ర_గట్టు:
ట్రీమ్యాప్ వద్దు బ్రో. అది కీల క్రమంలో పేరుస్తుంది, దిగిన వరస దానికి పట్టదు. ఎక్కించిన వరసనే గుర్తుపెట్టుకునే లింక్డ్‌హ్యాష్‌మ్యాప్ పెట్టు, ఒక్క లైను మారిస్తే సరి.

బురుజు_కాడ:
వరస వరకు సరే. అంతకంటే పెద్ద పని ఉండాది. యార్డులో ‘మద్దిలేటీ’ అని కేకేస్తే ఎంతమంది తిరిగి చూస్తారో నీకు తెలీదా? రెండో మద్దిలేటిని అదే పేరు కీతో పుట్ చేయంగానే (మ్యాప్‌లో వేయంగానే) మొదటాయన లాట్ కొట్టుకపోతుంది. ఎర్రర్ రాదు. పుట్ పాత వాల్యూను వెనక్కిస్తుంది గానీ దాన్ని చూసేదెవరు? ఒకే రైతు రెండు లాట్లు తెచ్చినా అదే గతి.

నంబర్ల సంగతి. హ్యాష్‌మ్యాప్ ప్రతి కీకి హ్యాష్ అనే అంకె కట్టి, దాన్నిబట్టి ఒక గదిలో పెడుతుంది. ప్రింటు గదుల వరసలో వస్తుంది. ఇంటీజర్‌కు హ్యాష్ ఆ అంకే. మొదట 16 గదులు. 1 ఒకటో గదికి, 2 రెండో గదికి పోతాయి. ముక్కాలు వంతు, అంటే 12 దాటంగానే గదులు 32 అవుతాయి. అందుకే 1 నుంచి వరసగా ఎక్కిస్తే వరసగానే కనపడతాయి. నమ్మొద్దప్పా. కొత్త మ్యాప్‌లో 1, 2, 17 మాత్రమే వేసి ప్రింటు తీయి: 1, 17, 2 వస్తుంది. 17ను 16తో భాగిస్తే శేషం 1 కదా, ఒకటో గదిలోనే దూరుతుంది.

నన్నడిగితే వేలం వరసకు అర్రేలిస్ట్ చాలు. దిగిన లాట్ దిగినట్టే యాడ్ చేసుకో. రైతువారీ తక్‌పట్టీకి పక్కన ఒక మ్యాప్: పేరు, తండ్రి పేరు, ఊరు కలిపిన రికార్డు (జావాలో డేటా దాచేకే ఉండే చిన్న క్లాసు) కీ, లాట్ల లిస్టు వాల్యూ. రికార్డుకు, రెండు కీలు ఒకటేనా అని తేల్చే ఈక్వల్స్, హ్యాష్‌కోడ్ వాటంతటవే వస్తాయి. మామూలు క్లాసైతే రెండూ నువ్వే రాయాల, లేకుంటే ఒక్క మద్దిలేటే ఇద్దరవుతాడు.

ఉల్లి_కోడర్:
అర్థమైందన్నా. ధర నచ్చక రైతు వెనక్కి తీసుకున్న లాట్లను ఫర్ లూప్‌లో రిమూవ్ చేస్తే కాంకరెంట్‌మాడిఫికేషన్‌ఎక్సెప్షన్ వస్తాంది.

బురుజు_కాడ:
లిస్టు మీద నడుస్తానే లిస్టును కోస్తే వస్తుంది మరి. షరతుకు సరిపోయినవన్నీ తీసేసే రిమూవ్‌ఇఫ్ వాడు, 2014లో జావా 8తో వచ్చింది. రికార్డుకు మాత్రం జావా 16 కావాల. అంగడి కంప్యూటర్లో ఏదుందో ముందు చూడు.