సలాడ్‌లోకి కలిపిన నూనె, వెనిగర్ విడిపోతున్నాయి. మీరెలా చేస్తున్నారు?

అనంతపురం అక్క: మా ఆయనకు షుగర్ అని తేలినప్పటి నుంచి రాత్రిపూట సంగటితో పాటు ఓ గిన్నెడు కీరా, టమాటా, ఎర్రగడ్డ ముక్కలు పెడుతున్నా. వాటిమీద పోసే డ్రెస్సింగ్ సీసా కొంటే వెనకాల చక్కెర అని రాసుంది. ఇంట్లోనే చేద్దామని నూనె, వెనిగర్ సగం సగం కలిపా. ఒక్క ముక్కకే గొంతు పట్టేసింది. పైగా గిన్నెలో నూనె పైకి తేలి, పులుపంతా అడుగున ఉండిపోయింది.

కర్నూలు వంటగది: సగం సగం కాదక్కా. 3 చెంచాల నూనెకు 1 చెంచా వెనిగర్, ఇదీ వెనెగ్రెట్‌కు, అంటే నూనె, పులుపు కలిపి చేసే ఈ డ్రెస్సింగ్‌కు, మామూలుగా చెప్పే లెక్క. మన నాలుకకు ఇంకాస్త పులుపు కావాలంటే తర్వాత వేసుకోవచ్చు. ఉప్పు నూనెలో కరగదు, అందుకే ముందు వెనిగర్‌లో కరిగించండి. తర్వాత నూనె పోసి, ఖాళీ జామ్ సీసాలో మూత బిగించి బాగా గిలక్కొట్టండి. కాసేపటికి మళ్ళీ విడిపోతుంది, అది దాని గుణం. పోసే ముందు ఇంకోసారి ఊపితే సరి.

కడప మామ: ఇంత గొడవెందుకమ్మా, నిమ్మకాయ పిండి ఉప్పు చల్లుకుంటే పోలా?

కర్నూలు వంటగది: నిమ్మరసంతోనూ వెనెగ్రెట్ అవుతుంది మామా, నూనె కలపాలంతే. కాస్త ఆవపిండి వేస్తే రెండూ త్వరగా విడిపోవు.

ప్రొద్దుటూరు పిల్ల: ఆవకాయకు కొట్టించిన పిండి మిగిలితే నేనూ వేశా. ఒకటే చేదు, మొత్తం పారబోశా.

కర్నూలు వంటగది: నేరుగా వెనిగర్‌లో వేసుంటావు. పావు చెంచా పిండిని ముందు చన్నీళ్ళలో తడిపి పది నిమిషాలు వదిలెయ్. ఘాటు ఎక్కుతుంది, చేదు తగ్గుతుంది. పులుపు ఆ తర్వాతే. ముందే పులుపు తగిలితే ఆవకు ఘాటు రాదు.

అనంతపురం అక్క: నిన్న 3కి 1 చేశా, బాగా కుదిరింది. గానుగాడించిన శనక్కాయ నూనె వాడా. వాసన కొంచెం గట్టిగానే ఉంది కానీ, ఎర్రగడ్డ పక్కన అదే బాగుంది. సగం వెనిగర్ తీసేసి చీనీకాయ రసం పోసి చూస్తే మాత్రం పులుపు చాల్లేదు, నిమ్మకాయ పిండాల్సి వచ్చింది. వారానికి సరిపడా చేసి పెట్టుకోవచ్చా? వెల్లుల్లి కూడా దంచి వేశా.

ప్రొద్దుటూరు పిల్ల: వెల్లుల్లి వేస్తే బయట ఉంచొద్దక్కా. నూనెలో మునిగిన వెల్లుల్లికి గాలి తగలదు, బయట పెడితే బొటులిజం అనే జబ్బు తెచ్చే విషం పుట్టే ప్రమాదం ఉంది. ఫ్రిజ్‌లో పెట్టి మూడు రోజుల్లో అయిపోగొట్టండి. ఆలివ్ నూనైతే ఫ్రిజ్‌లో గడ్డకడుతుంది, పాడైందనుకోకండి. కాసేపు బయట పెడితే కరుగుతుంది. ఇంకోటి, ముక్కల మీద తినే ముందే పోయండి. ఉప్పు తగిలిన కీరా నీళ్ళు వదిలేస్తుంది.

అనంతపురం అక్క: రేపు ఆవపిండి తడిపి చూస్తా. మా ఆయనేమో సీసాలో మిగిలింది సంగటిలో కలుపుకోవచ్చా అంటున్నారు.

కడప మామ: కలుపుకోనీ తల్లీ. ఎట్లుందో మాకూ చెప్పు.