పాపకి ఏ బట్ట వేసినా "గుచ్చుకుంటోంది" అంటోంది, ఏం కుట్టించాలి?

చిన్నూ అమ్మ (హైదరాబాద్), డిసెంబరు మొదటి వారం

మా పాపకి నాలుగున్నరేళ్లు. ఏడాదిగా పొద్దున్నే మా ఇంట్లో యుద్ధమే. ఫ్రాక్ తొడగగానే మెడ దగ్గర పట్టుకుని లాగేస్తుంది. మొదట్లో మొండితనం అనుకుని రెండు దెబ్బలు కూడా వేశాను, ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. లేబుల్ కత్తిరించాను. కత్తిరించిన చోట ఇంకా ఎక్కువ గుచ్చుకుంది. సాక్సు కుట్టు కాలివేళ్ల మీదికి వచ్చిందంటే స్కూలు వ్యాను వెళ్లిపోయేదాకా ఏడుపే.

గొడవ లేకుండా వేసుకునేవి రెండే: మా అక్క కొడుకు వాడి వదిలేసిన చేతుల బనియన్లు, ఓ బూడిద రంగు నిక్కరు. వాటినే ఉతికి ఉతికి వేస్తున్నాను. మా అత్తగారికి నచ్చదు, "ఆడపిల్లకి ఆ మగరాయుడి వేషం ఏమిటి" అంటారు. ఈ సంక్రాంతికి ఊళ్లో పాపకి భోగిపళ్లు పోస్తామంటున్నారు. అయిదేళ్లు నిండకముందు ఇదే ఆఖరి భోగి. పట్టు పావడా కొనేశారు కూడా. నేను చేత్తో తడిమితేనే నాకు దురద పుడుతోంది. ఇలాంటి పిల్లలకి వేరేగా కుట్టించిన వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.

మిషన్ అక్క (విజయవాడ)

పద్దెనిమిదేళ్లుగా పిల్లల బట్టలు కుడుతున్నానమ్మా. ముందు లేబుల్ సంగతి. చాలా రెడీమేడ్ బట్టల్లో దాన్ని సన్నటి నైలాన్ దారంతో కుడతారు, చేపల వల దారంలా బిరుసుగా ఉంటుంది. కత్తెర వేస్తే ఆ కొనలు ముల్లులా నిలబడతాయి. రిప్పర్‌తో ఒక్కో కుట్టూ విప్పి, తెగిన దారం ముక్కలన్నీ ఏరేయాలి. ఏరాక మీ పెదవి మీద రాసి చూసుకోండి. వేలికి తెలియనిది పెదవికి తెలుస్తుంది.

తర్వాత ఓవర్‌లాక్, అంటే పోగులు రాకుండా లోపలి అంచు చుట్టూ వేసే కుట్టు. ఫ్రాక్ తిరగేసి చూడండి, చంక కింద, నడుము దగ్గర ఆ గట్టి గట్టు ఉంటుందే, అదే అసలు దొంగ. నేనైతే ఇలాంటి పిల్లలకి ఫ్రెంచ్ కుట్టు వేస్తాను. బట్ట మంచి వైపు బయటికి ఉంచి మొదటి కుట్టు, అంచు సన్నగా కత్తిరించి, తిరగేసి రెండో కుట్టు. పోగులన్నీ లోపలే ఇరుక్కుపోతాయి. మల్ కాటన్ లాంటి పలచని గుడ్డకి ఇది చక్కగా కుదురుతుంది. మందం గుడ్డకి మాత్రం వద్దు, అక్కడ ఆ కుట్టే తాడులా లేస్తుంది. బనియన్ గుడ్డకి కూడా మామూలు మిషన్ మీద బాగా రాదు. దానికి కుట్టు గట్టులా లేవకుండా చదునుగా వేసే ఫ్లాట్‌లాక్ మిషన్ కావాలి, మా లాంటి చిన్న దుకాణాల్లో ఉండదు.

ఫ్లాట్‌లాక్ లేకపోతే నా ఉపాయం ఒకటుంది: కుట్లన్నీ బయటికి పెట్టేయడం. వేరే రంగు దారంతో ఓవర్‌లాక్ చేసి కావాలని డిజైన్‌లా చూపిస్తాను. ఎవరూ తప్పు పట్టలేదు, "ఇదేం ఫ్యాషను" అని కూడా అడిగారు.

కాకినాడ అమ్మ

చిన్నూ అమ్మా, మీది ఆడపిల్ల కాబట్టి బనియన్, నిక్కరుతో సరిపోయింది. మా వాడికి అయిదేళ్లు, ఒళ్లంతా ఎగ్జిమా. నడుముకి ఎలాస్టిక్ తగిలితే చాలు, సాయంత్రానికి రక్తం వచ్చేలా గోక్కుంటాడు. ఇంట్లో వాడికి హాయిగా ఉండేది వాళ్ల అక్క పాత గౌను. భుజాల మీంచి జారుతుంది, నడుము దగ్గర ఏమీ తగలదు. మా ఆయన చూసి మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

అమ్మాయి నిక్కరు వేసుకుంటే అత్తగారు నసుగుతారు, అంతే. అబ్బాయి గౌను వేసుకుంటే ఇంట్లో పంచాయితీ. రెండింటి బరువూ ఒకటి కాదు.

నెల్లూరు అమ్మమ్మ

అమ్మాయీ, మీ ఆయన్ని వాళ్ల పాత ఆల్బమ్ తీయమను. పుట్టు వెంట్రుకలు తీయించే ముందు మగపిల్లాడికి జడ వేసి, పూలు పెట్టి, పావడా కట్టి ఫోటో తీయించని ఇల్లు మన వైపు ఎన్ని ఉన్నాయి? మా ఇంట్లో ముగ్గురు మగపిల్లలవీ ఉన్నాయి. అందులో ఒకడు ఇప్పుడు పోలీసు.

మా కాలంలో పసిబిడ్డకి ఆడా మగా తేడాగా ఏం వేశాం? పాత నూలు చీర చింపి పొత్తిగుడ్డలు, దానితోనే ముందు ముడివేసే జుబ్బాలు. తలమీంచి తొడగక్కర్లేదు, బిడ్డ ఏడవదు. పాత చీరే ఎందుకంటే పాతిక ముప్పై ఉతుకులకి గంజి పోయి దూదిలా అవుతుంది. పెద్దాడివి చిన్నదానికి, చిన్నదానివి పక్కింటి బిడ్డకి వెళ్లేవి. ఈ గులాబీ, నీలం గొడవ షాపులు వచ్చాక వచ్చింది.

డల్లాస్ తెలుగు

అమ్మమ్మగారూ, గులాబీ సంగతి మీరన్నది అక్షరాలా నిజం. ఇక్కడ అమెరికాలో 1918లో బట్టల వ్యాపారుల పత్రిక ఒకటి అబ్బాయిలకి గులాబీ, అమ్మాయిలకి నీలం అని రాసింది. 1884లో తీసిన రూజ్వెల్ట్ (తర్వాత ప్రెసిడెంట్ అయిన ఫ్రాంక్లిన్) ఫోటో చూడండి, రెండేళ్ల పిల్లాడు, తెల్ల గౌను, పొడుగు జుట్టు. అప్పట్లో అందరు పిల్లలకీ అదే. గౌనైతే గుడ్డలు మార్చడం తేలిక కదా.

మా వైపు టార్గెట్ షాపులో క్యాట్ అండ్ జాక్ అని పిల్లల బట్టలు ఉంటాయి. 2017లో వాళ్లు లేబుల్ లేకుండా, కుట్లు పలచగా ఉండేవి విడిగా తెచ్చారు. మా అమ్మాయికి అవి సరిపడ్డాయి. ఇండియాకి వచ్చినప్పుడు నాలుగు జతలు తెచ్చి మా చెల్లి కూతురికి ఇచ్చాను.

ఇంకో మాట. మెడ దగ్గర తాళ్లు, కుచ్చులు పెట్టించకండి. ఇక్కడ చిన్నపిల్లల స్వెట్టర్లు, జాకెట్ల టోపీకి గానీ మెడకి గానీ లాగే తాడు ఉంటే దాన్ని ప్రమాదకరమైన వస్తువుగా పరిగణిస్తూ 2011లో నియమం తెచ్చారు. జారుడుబల్లకి చిక్కుకుని పిల్లలు చనిపోయిన సంఘటనలు ఉన్నాయి.

హన్మకొండ నాన్న

మా బాబుకి ఆరేళ్లు, ఆటిజం. వాడిది మీ పాపకి పూర్తిగా తిరగేసిన కథ. వదులు బట్ట ఒంటి మీద అటూ ఇటూ కదిలితే తట్టుకోలేడు. ఒంటికి అంటుకుని ఉండాలి. ఒక సైజు చిన్న బనియన్ లోపల వేసి పైన చొక్కా వేస్తాం, అప్పుడు నిమ్మళంగా ఉంటాడు. కాబట్టి "మెత్తగా, వదులుగా" అన్నది అందరికీ పనికొచ్చే మందు కాదు. మీ పాప ఏ బట్టని తనంతట తాను బుగ్గకి రాసుకుంటుందో చూడండి, అక్కడి నుంచి మొదలుపెట్టండి.

కొలతలకి మాకు టైలర్ దగ్గర పెద్ద గండం. టేపు తగిలితే కేకలు. ఇప్పుడు వాడికి నచ్చిన పాత చొక్కానే కొలతకి ఇస్తున్నాం. పొడవు మాత్రం వాడు నిద్రపోయాక నేనే కొలుస్తాను.

వైజాగ్ ఓటీ

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. ఇక్కడ ఎవరి పిల్లలనీ చూడలేదు కాబట్టి మామూలు మాటలే చెబుతాను.

స్పర్శ, శబ్దం లాంటి వాటికి అతిగా గానీ, చాలా తక్కువగా గానీ స్పందించడాన్ని 2013లో వచ్చిన డీఎస్ఎం-5లో (మానసిక సమస్యల నిర్ధారణకి డాక్టర్లు వాడే అమెరికా పుస్తకం) ఆటిజం లక్షణాల్లో చేర్చారు. కానీ బట్ట గుచ్చుకుంటోందన్న ప్రతి పిల్లకీ ఆటిజం ఉన్నట్టు కాదు. వట్టి టెన్షన్ పెట్టుకోకండి. గోళ్లు తీయడం, తల దువ్వడం, మిక్సీ చప్పుడు, కొన్ని తిండి పదార్థాలు, వీటన్నిటికీ ఇలాగే తల్లడిల్లిపోతుంటే, మాటల్లో, ఆటల్లో కూడా తేడా కనిపిస్తుంటే ఒకసారి చూపించండి. జిల్లాల్లో పిల్లల ఎదుగుదల సమస్యల్ని చిన్నప్పుడే చూసే ప్రభుత్వ డీఈఐసీ కేంద్రాలు, ప్రత్యేక అవసరాలున్న స్కూలు పిల్లలకి భవిత కేంద్రాలు ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ) ఉంది.

"వేస్తూ వేస్తూ ఉంటే అలవాటవుతుంది" అని బలవంతంగా తొడిగితే ఆ బట్ట చూడగానే భయపడటం అలవాటవుతుంది. బరువు కోట్లు, బిగుతు కోట్లు అని ఆన్‌లైన్‌లో అమ్మేవి మాత్రం చూసి కొనేయకండి. వాటివల్ల గట్టి ప్రయోజనం ఉందనడానికి ఆధారాలు అంతంతమాత్రం. హన్మకొండ నాన్నగారు చెప్పిన చిన్న బనియన్ వేరు, దాన్ని బాబే కోరుకున్నాడు. ఊపిరికి అడ్డం రానంత బిగుతైతే చాలు.

శ్రీకాకుళం వాడిని

పొందూరు ఖాదీ కొనమని ఎవరో ఒకరు చెబుతారు, నేనే ముందు చెప్పేస్తా: మాకు పనిచేయలేదు. మా ఊరి పక్కదే కాబట్టి గర్వంగా మీటరు కొన్నాను. వాలుగ చేప దవడ ఎముకతో దూది దువ్వి వడికే నూలు అది, పెద్దవాళ్ల ఒంటికి అంతకంటే హాయి లేదు. కానీ చేతితో వడికిన నూలులో అక్కడక్కడా సన్నటి ఉండలు వస్తాయి కదా, మా పాప వేలితో ఒక్కో ఉండా వెతుక్కుని "ఇక్కడ, ఇక్కడ" అని చూపించింది! చివరికి అది మా నాన్న చొక్కా అయింది.

మంగళగిరి కాటన్ కొత్తలో గంజికి అట్టలా ఉంది. రాత్రంతా నానబెట్టి, ఉతికి, అలా నాలుగుసార్లు చేశాక ఒప్పుకుంది. పండక్కి కొత్త బట్టకి పసుపు పెట్టి అలాగే తొడిగేస్తాం మనం. ఇలాంటి పిల్లలకి ముందే ఉతికేసి, పండగనాడు పసుపు పెడితే శాస్త్రానికి లోటేం రాదు.

కాకినాడ అమ్మ

స్కూలు యూనిఫాం సంగతి ఎవరూ చెప్పలేదేం? అక్క కూతురి స్కూల్లో మూడేళ్ల పిల్లలకి కూడా మెడకి ఎలాస్టిక్ టై, నడుముకి బెల్టు. అమ్మాయిలకి పాలిస్టర్ కలిసిన పినాఫోర్ (చొక్కా మీద వేసే చేతుల్లేని ఫ్రాకు), కూర్చున్నప్పుడు కాళ్లు దగ్గర పెట్టుకోమని ఆయమ్మ అరుపులు.

తిరుపతి టీచర్

నేను ప్రైవేటు స్కూల్లో ఎల్‌కేజీ టీచర్ని. టై మీద నాకూ మీ అంత కోపం ఉంది. కేరళ ఎర్నాకుళం జిల్లాలో వలయన్‌చిరంగర ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల 2018లోనే అందరికీ చొక్కా, మోకాళ్ల కింది దాకా వచ్చే నిక్కరు పెట్టింది. అమ్మాయిలు పరిగెత్తి ఆడుకోవాలన్నదే వాళ్ల ఉద్దేశం. ఆ క్లిప్పింగ్ మా ప్రిన్సిపాల్‌కి చూపించాను. చదివి, బాగుందని, మడిచి నాకే ఇచ్చారు.

ఆడపిల్లలతో మగపిల్లల బట్టలు వేయించడమే సమానత్వమా అని అక్కడ కూడా అడిగారట. ఆ ప్రశ్న కొట్టిపారేసేది కాదు. పైన కాకినాడ అమ్మగారి బాబుకి ఆ నిక్కరు ఎలాస్టిక్ శత్రువు కదా.

మిషన్ అక్క

అందుకే నేను రెండు రకాలు కుట్టి పెడతాను, ఎవరికి ఏదో పిల్లలే తీసుకుంటారు. ఈ వయసులో ఆడపిల్లకీ మగపిల్లాడికీ ఛాతీ, నడుము, సీటు కొలతల్లో దర్జీ పట్టించుకోవలసినంత తేడా ఉండదు. ఒకే కటింగ్ సరిపోతుంది. మొదటిది, మోకాళ్ల కిందికి వచ్చే పొడుగు జుబ్బా. ముందంతా తెరుచుకుంటుంది, తల మీంచి వేయక్కర్లేదు, నడుము దగ్గర ఏమీ ఉండదు. పక్కల చీలికలు. గౌను అనుకునేవాళ్లకి గౌను, కుర్తా అనుకునేవాళ్లకి కుర్తా. కాకినాడ అమ్మగారూ, మీ ఆయనకి "లక్నో కుర్తా" అని చెప్పి చూడండి. రెండోది వదులు పైజామా, ఎలాస్టిక్‌కి బదులు వెడల్పాటి బనియన్ గుడ్డ పట్టీ. టిచ్ బటన్లు వద్దు, వెనకవైపు లోహం చల్లగా తగులుతుంది, కొందరికి దద్దుర్లు కూడా.

రెండింటికీ జేబులు. ఆడపిల్లల రెడీమేడ్‌లో జేబు ఉండదు, ఉన్నా కుట్టేసిన బొమ్మ జేబు. నాకు అన్నిటికంటే ఒళ్లు మండేది అదే. మగపిల్లల బట్టల వైపు వెళ్లి కొనమని ఎందరు ఆడపిల్లలు అడుగుతారో తెలుసా? సగం మంది జేబుల కోసం, సగం మంది ఆ మెత్తటి బనియన్ గుడ్డ కోసం. అటు నెట్టు, తళుకులు, కుచ్చులు. ఇటు మెత్తటి కాటను. పిల్ల చేయి ఎటు పోతుంది?

పట్టు పావడా తీసుకుని నా దగ్గరికి వచ్చే అమ్మలకి నేను చెప్పేది: పావడాని నడుముకి బొందుతో కట్టకండి, చేతుల్లేని బాడీకి అతికించండి. బాడీ మొత్తం ఉతికిన మల్ కాటన్. జరీ అంచు కిందనే ఉంచి, వెనక అంగుళం వెడల్పు కాటన్ పట్టీ వేయాలి. జాకెట్టు చేతుల అంచుకి జరీ వద్దే వద్దు.

హన్మకొండ నాన్న

అక్కా, ఆ పొడుగు జుబ్బా ఎంత గుడ్డ పడుతుంది? మావాడికి ఒంటికి అంటుకునేలా లోపల ఒకటి, పైన ఇది అనుకుంటున్నా.

మిషన్ అక్క

ఆరేళ్లకి 36 అంగుళాల పన్నా అయితే రెండు మీటర్లలోపే. ముందు పాత దుప్పటి గుడ్డతో ఒకటి కుట్టించి చూడండి, బాబు ఒప్పుకుంటేనే మంచి గుడ్డ కత్తిరించండి.

చిన్నూ అమ్మ, జనవరి 16

అందరికీ పేరుపేరునా థాంక్స్. ఆ కొన్న పట్టు పావడా బీరువాలోనే ఉంది. మా అమ్మ వెంకటగిరి కాటన్ చీర, నా చిన్నప్పటిది, చాలా ఉతుకులు పడ్డది, దాన్ని కత్తిరించాం. కత్తిరించేటప్పుడు అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది, చూడలేక. మల్ కాటన్ బాడీ, కింద అంచు, వెనక పట్టీ, అన్నీ మిషన్ అక్క చెప్పినట్టే. మా టైలర్ ఫ్రెంచ్ కుట్టుకి రెట్టింపు కూలి అడిగాడు, ఇచ్చాను. కుట్టాక వారం రోజులు పాప దిండు పక్కనే పెట్టాం. నాలుగో రోజు తనే తొడుక్కుంది.

అంతా సాఫీగా ఏం జరగలేదు. నెత్తిన పాపిడిబిళ్ల పెట్టబోతే మళ్లీ ఏడుపు, అది తీసేశాం. భోగిపళ్లు నెత్తిన పోస్తుంటే మొదటి దోసిలికే లేచి పరిగెత్తింది, చిల్లర తగిలి నొప్పి పుట్టిందట. తర్వాత అమ్మ ఒక్కో రేగిపండే తల మీంచి మెల్లగా జార్చింది. పావడాకి రెండు పక్కలా జేబులు పెట్టించానని చెప్పానా? కింద పడినవన్నీ ఏరుకుని అందులో నింపేసుకుంది. వెంకటగిరి చీర మీద రేగిపళ్ల మరకలు, ఇంకేం పోతాయి.

మా అత్తగారు ఏమీ అనలేదు. మా ఆడపడుచు కొడుక్కి మూడేళ్లు, షేర్వానీ కాలరు పట్టుకుని గింజుకుంటుంటే ఆవిడే విప్పేసి, పాప బూడిద రంగు నిక్కరు, బనియన్ తెచ్చి తొడిగారు. రాత్రి పడుకోబోయే ముందు అడిగారు, "మీ టైలరు వీడికీ జేబులున్నది కుడతాడా" అని. మిషన్ అక్కా, మూడేళ్ల పిల్లాడికి జేబు ఎంత లోతు ఉండాలి?

మిషన్ అక్క

నాలుగంగుళాలు. చేయి అడుగుదాకా అందాలి, లేకపోతే లోపలున్నది రాక ఏడుస్తాడు. మూలలు గుండ్రంగా కత్తిరించమనండి, రేగిపండు ఇరుక్కోదు.