ఎంటీఏ గట్టిపడటం లేదు, ఎవరైనా చెప్పండి

కొత్త చేయి: నాలుగు గంటలుగా ఇదే గొడవ. పన్ను లోపలి మెత్తటి కణజాలం, అదే పల్ప్, బయటపడిన చోట దాన్ని కప్పే సిమెంటు లాంటి మందు ఎంటీఏ పెడుతున్నాను. పొడి మూడు, నీళ్లు ఒకటి, కొలిచే కలిపాను. పదిహేను నిమిషాలు ఆగి ప్రోబ్‌తో తాకితే తడి ఇసుకలా జారిపోతోంది. నీళ్లు చిమ్మితే మొత్తం కొట్టుకుపోయింది. మూడుసార్లు పెట్టాను, మూడుసార్లూ అంతే. పొడి పాడైందా? రేపు ఉదయానికల్లా తేలాలి.

పాత కుర్చీ: పైన ఏం పెట్టారు?

డ్యామ్ ముందు: పొడి సంగతి తర్వాత, ముందు రబ్బర్ డ్యామ్, అదే ఉమ్మి, క్రిములు చేరకుండా పంటి చుట్టూ బిగించే రబ్బరు తెర, వేశారా? ఎవరూ దీని గురించి అడగరు. 1965లో కాకెహాషి బృందం ఎలుకల పళ్లకు రంధ్రాలు చేసి, పల్ప్ తెరిచి, ఏ మందూ పెట్టకుండా వదిలేసింది. సూక్ష్మజీవులు లేని గదిలో పెరిగిన ఎలుకల్లో గాయం మీద తిండి తునకలు పేరుకున్నా పల్ప్ బతికింది, పైన డెంటిన్ వంతెన, అంటే పంటి గట్టి పదార్థంతో కప్పు, కట్టుకుంది. మామూలు ఎలుకల్లో కుళ్లిపోయింది. పేరు మందుది, పని డ్యామ్‌ది. ఇంతకీ రక్తం ఎంతసేపటికి ఆగింది? క్రిములను చంపే హైపోక్లోరైట్ ద్రావణంలో ముంచిన దూది అదిమిపెట్టినా పది నిమిషాలకు ఆగలేదంటే పైపైన కప్పి లాభం లేదు, వాచిన భాగం తీసేసి ఇంకాస్త లోపల పెట్టాలి.

కొత్త చేయి: రక్తం అసలు రాలేదండీ.

డ్యామ్ ముందు: రాలేదా? అయితే ఆ పల్ప్ ఎప్పుడో చచ్చింది. ఎంటీఏ ఎందుకు, రూట్ కెనాల్ చేయండి.

మాటల పెట్టె: ఇద్దరూ పల్ప్, పల్ప్ అంటున్నారు. దంతమజ్జ అని చక్కటి మాట ఉంది కదా?

సున్నం పక్షం: మజ్జ అంటే రోగి ఎముక మజ్జ అనుకుని హడలిపోతాడు. నరం అనండి, అందరికీ తెలుస్తుంది.

మాటల పెట్టె: నరం ఒక్కటేనా అందులో ఉన్నది? రక్తనాళాలూ కణాలూ ఎక్కడికి పోయాయి? వంతెన కట్టేది కణాలు, నరం కాదు. నరం, నరం అని మనమే అలవాటు చేసి, ఇప్పుడు దాన్ని బతికిద్దామంటే రోగి నమ్మడం లేదు. "నరం తీసేయండి డాక్టర్" అంటాడు.

పాత కుర్చీ: నా ప్రశ్నకు జవాబు రాలేదు.

కొత్త చేయి: పొడి దూది పెట్టాను. దానికి ముందు గాలి కొట్టి బాగా ఆరబెట్టాను కూడా. రోగి ఎవరూ లేరండీ, ఇది పీకిన పన్ను. ప్లాస్టర్ దిమ్మలో బిగించి సాధన చేస్తున్నాను, రేపు మా సార్‌కు చూపించాలి.

డ్యామ్ ముందు: ఈ ముక్క మొదటే చెబితే నేను ఎలుకల దాకా వెళ్లేవాడిని కాదు.

పాత కుర్చీ: ఎంటీఏ ఆరితే గట్టిపడదు, తడిస్తే గట్టిపడుతుంది. పోర్ట్‌లాండ్ సిమెంటుకు దగ్గరి చుట్టం అది. గోడకు నీళ్లు పట్టినట్టు దీనికీ తేమ అందాలి. నోట్లో అయితే కింద పల్ప్ నుంచి అందుతుంది, బల్ల మీద మీరే ఇవ్వాలి. దూదిని తడిపి, పిండేసి, ఎంటీఏ పైన పెట్టి, తాత్కాలిక ఫిల్లింగ్‌తో మూసేయండి. నీళ్లు చిమ్మకండి. పాత రకం ఎంటీఏకి సుమారు రెండు ముప్పావు గంటలు పడుతుంది. పదిహేను నిమిషాలని ఎవరు చెప్పారు?

కొత్త చేయి: సీనియర్ నోట్సులో పన్నెండు నిమిషాలని ఉంది. మూడు అదనంగానే ఆగాను.

పాత కుర్చీ: అది బయోడెంటిన్ అనే వేరే మందు లెక్క.

సున్నం పక్షం: ఇంత యాతన ఎందుకు? కాల్షియం హైడ్రాక్సైడ్ ఉంది, అంటే మన సున్నమే. నిమిషాల్లో పని అయిపోతుంది. ఎంటీఏ అయితే ముందు పళ్లలో నల్లబడుతుంది కూడా, అందులో బిస్మత్ ఆక్సైడ్ ఉంటుంది.

డ్యామ్ ముందు: మీ సున్నం కింద కట్టే వంతెనలో సొరంగాలు ఉంటాయి, పైగా సున్నం మెల్లగా కరిగిపోతుంది. ఆ సందుల్లోంచి క్రిములు దిగితే ఎవరిది పూచీ?

సున్నం పక్షం: ముప్పై ఏళ్లుగా పెడుతున్నాను. నా దగ్గరికి ఎవరూ తిరిగి రాలేదు.

డ్యామ్ ముందు: ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లి ఉంటారు.

కొత్త చేయి: రాత్రి తడి దూది పెట్టి మూసేశాను. పొద్దున గీరి చూస్తే రాయిలా ఉంది. థాంక్స్ అండీ. అయితే అంచు చుట్టూ ముదురు గోధుమ రంగు గీత వచ్చింది, ఇదేమిటి?

పాత కుర్చీ: పీకిన పన్ను ఏ ద్రావణంలో నిల్వ చేశారు? హైపోక్లోరైట్‌లోనా? ఎంటీఏలోని బిస్మత్‌కు అది తగిలినా రంగు మారుతుంది.

మాటల పెట్టె: దంతమజ్జ విషయం ఎవరూ తేల్చలేదు.